గిటార్‌కి చిన్న పెట్టె, దానికి తగిన స్పీకరు

రాయ్‌పూర్‌లో గిటార్ ఉన్న తెలుగు ఇళ్లకు కొదవ లేదు. యాంప్ ఉన్న ఇళ్లు మాత్రం అరుదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ, ముఖ్యంగా విజయనగరం లైను 1931లో రాయ్‌పూర్ దాకా పూర్తయ్యాక, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లోనూ చుట్టుపక్కల బస్తీల్లోనూ ఉన్నాయి. వాళ్ల పిల్లలు చర్చి క్వయర్ కోసమో, వినాయక చవితి పందిట్లో పాటల కోసమో, కాలేజీ బ్యాండు కోసమో గిటార్ పడతారు. రెండు గదుల క్వార్టర్లో యాంప్ పెట్టుకునే చోటు ఉండదు, పెట్టినా మోగించే వీలుండదు. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పేరున్న ఫెండర్ ట్విన్ రివర్బ్ యాంప్‌ని తీసుకుంటే అది 85 వాట్లది, బరువు దాదాపు 29 కిలోలు. దాన్ని మూడో అంతస్తు ఫ్లాటుకి మోసుకెళ్లినా అసలు రుచి వచ్చేంత వాల్యూమ్‌లో వాయించడం కుదిరే పని కాదు.

అందుకే ఈ పిల్లల చూపు పది వేల రూపాయల అంతస్తులో దొరికే చిన్న పెట్టెల మీద పడుతోంది. దుకాణంవాళ్లు వీటిని మల్టీ ఎఫెక్ట్స్ అంటారు, కుర్రాళ్లు ప్రాసెసర్ అంటారు. గిటార్ని ఒకవైపు గుచ్చి, హెడ్‌ఫోన్స్ రెండోవైపు గుచ్చితే పెద్ద యాంపుల ధ్వనులన్నీ చెవిలో వినిపిస్తాయని అట్ట మీద రాసి ఉంటుంది. ఆ మాట చాలావరకు నిజమే. అయినా కొన్న నెలకే "సౌండ్ బాగోలేదు" అని మూల పడేసేవాళ్లు తక్కువేమీ లేరు. అలాంటప్పుడు లోపం పెట్టెలో కంటే దాన్ని కలిపిన తీరులోనే నాకు ఎక్కువగా కనబడింది. కొనేటప్పుడు అందరూ ఇందులో ఎన్ని ఎఫెక్ట్స్ ఉన్నాయని అడుగుతారు. దీన్ని దేనికి కలపబోతున్నాం అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే అసలు యాంప్ ఏం చేస్తుందో కాస్త నిదానంగా చూడాలి.

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. స్టీలు తీగ కంపిస్తే ఆ కాయిల్‌లో చిన్న విద్యుత్తు పుడుతుంది. అది మరీ బలహీనమైంది, పైగా ఎదుటి పరికరం కొంచెం ఎక్కువ లాగినా వాడిపోయే రకం. అందుకే గిటార్ గుచ్చే జాక్ దగ్గర సాధారణంగా పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉంచుతారు. గిటార్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ధ్వని మందంగా, మూతపడ్డట్టు రావడానికి మొదటి కారణం అక్కడ ఆ ఏర్పాటు లేకపోవడం.

యాంప్‌లో ముందు భాగం ఈ బలహీనమైన సిగ్నల్‌ని పెంచుతుంది. బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు దానికి ఆకారమిస్తాయి. వెనక భాగం స్పీకర్ని కదిలించేంత బలం ఇస్తుంది. పాత యాంపుల్లో ఈ పనులన్నీ వాల్వులు చేసేవి. వాటి శక్తికి మించి సిగ్నల్ తోస్తే అలల కొసలు నలిగి, కొత్త స్వరాంశాలు పుడతాయి. అదే డిస్టార్షన్. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా పలికే గుణం అక్కడిదే. రాక్ సంగీతం మొత్తం ఈ నలగడం మీద నిలబడింది.

ఇక చివరి భాగం స్పీకరు. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. గిటార్ స్పీకర్, సాధారణంగా 12 అంగుళాలది, ఇంట్లో పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5000 హెర్ట్జ్ దాటాక దాని ధ్వని గబగబా పడిపోతుంది. పాటలు వినే మంచి స్పీకరు 20,000 దాకా పలుకుతుంది. లోపంలా కనబడే ఈ పరిమితే గిటార్‌కి వరం. డిస్టార్షన్ వల్ల పుట్టిన పదునైన పైస్థాయి రొదనంతా స్పీకరు వడపోసి, చెవికి ఇంపైన భాగాన్నే బయటికి వదులుతుంది. ఆ వడపోత లేకుండా డిస్టార్షన్ని నేరుగా హెడ్‌ఫోన్స్‌లో వింటే కందిరీగ సీసాలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. గిటార్ ధ్వనిలో సగం ఆ చెక్క డబ్బాది, అందులోని కాగితపు కోన్‌ది.

ఈ గొలుసు మొత్తాన్నీ చిన్న పెట్టెలో బిగించాలన్న ఆలోచన పాతదే. బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజనీరు. 1982లో ఆయన తెచ్చిన రాక్‌మ్యాన్ నడుముకి తగిలించుకుని హెడ్‌ఫోన్స్‌తో వాయించుకునే పరికరం, పూర్తిగా అనలాగ్‌ది. జపాన్ కంపెనీ జూమ్ 1990లో గిటార్ బెల్టుకి తగిలించుకునే డిజిటల్ ఎఫెక్ట్స్ పెట్టె 9002ని తెచ్చింది. 1998లో అమెరికా కంపెనీ లైన్ 6 చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి 'పాడ్'ని దింపాక, యాంప్ ధ్వనిని లెక్కలతో పుట్టించడం స్టూడియోల్లో మామూలైపోయింది. ఈరోజు పది వేల లోపు దొరికేవన్నీ ఆ పాడ్ సంతానమే అనుకోవచ్చు. జపాన్ నుంచి జూమ్, బాస్, చైనా నుంచి మూయర్, ఎన్‌యూఎక్స్, వాలెటన్, సోనికేక్ ఈ బజారులో పోటీ పడుతున్నాయి.

లోపల జరిగేది ఇది. గిటార్ నుంచి వచ్చిన విద్యుత్తుని పెట్టె సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక చిప్పు ఆ అంకెల మీద లెక్కలు చేసి, యాంప్ చేసే నలుపుడుని, నాబ్‌ల ఆకారాన్ని, స్పీకరు వడపోతని అంకెల్లోనే చేసి మళ్లీ విద్యుత్తుగా మార్చి బయటికి పంపుతుంది. ఇంత పని జరిగితే ఆలస్యం కాదా అని అడుగుతారు. అవుతుంది, కానీ మంచి పెట్టెల్లో అది కొన్ని మిల్లీసెకన్లే. ధ్వని గాలిలో ఒక మీటరు ప్రయాణించడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే యాంప్‌కి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడినప్పుడు వచ్చే ఆలస్యం కూడా ఆ కోవదే. వేళ్లకి అది తెలియదు.

యాంప్‌ని అంకెల్లో పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది సర్క్యూట్‌లోని ఒక్కో భాగం ఎలా ప్రవర్తిస్తుందో సమీకరణాలుగా రాయడం. రెండోది అసలు యాంప్‌లోకి పరీక్ష ధ్వనులు పంపి, లోపలికి వెళ్లిందేమిటో, బయటికి వచ్చిందేమిటో పక్కపక్కన పెట్టి కంప్యూటర్‌కి నేర్పించడం. స్టీవెన్ అట్కిన్సన్ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన న్యూరల్ యాంప్ మోడలర్ ఈ రెండో దారిది. ఈ మధ్య వచ్చిన కొన్ని చవక పెట్టెలు కూడా ఆ ఫైళ్లని తీసుకుంటున్నాయి. స్పీకర్ డబ్బా సంగతి ఇంకొంచెం సులువు. డబ్బాలోకి ఒక క్షణమాత్రపు చప్పుడు పంపి దాని స్పందనని రికార్డు చేస్తారు. దాన్నే ఐఆర్ అంటారు. సెకను కూడా ఉండని ఆ చిన్న రికార్డింగు ఏ గిటార్ సిగ్నల్‌కైనా ఆ డబ్బా రంగు అద్దగలదు.

నేను దగ్గరగా చూసింది జూమ్ జీ1ఎక్స్ ఫోర్‌ని. మా మేనల్లుడిది. ఇంతకంటే కొత్తవి బజార్లోకి వచ్చాయి గానీ ఈ తరగతి పరికరం గుణదోషాలు చూపించడానికి ఇది చాలు. ప్లాస్టిక్ ఒళ్లు, చేతిలో పట్టుకుంటే బరువే అనిపించదు. తెర చిన్నది. దాని కింద నాలుగు నాబ్‌లు. తెర మీద ఏ ఎఫెక్ట్ కనబడితే దాని విలువల్ని ఆ నాబ్‌లే మారుస్తాయి. కాలితో తొక్కే స్విచ్‌లు రెండు, కుడిపక్క పైకీ కిందికీ ఊగే పెడల్ ఒకటి. 70కి పైగా ఎఫెక్ట్స్, అందులో 13 యాంప్ నమూనాలు. ఒకేసారి 5 ఎఫెక్ట్స్ కలిపి వాడుకోవచ్చు. ట్యూనర్ లోపలే ఉంది. 30 సెకన్ల లూపర్, 68 డ్రమ్ నడకలు ఉన్నాయి.

ముందు మంచిని చెప్పాలి. క్లీన్ ధ్వనులు నిజంగా బాగున్నాయి. అమెరికన్ తరహా శుభ్రమైన యాంప్ నమూనా, కొంచెం కోరస్, కొంచెం రివర్బ్ పెడితే ఇళయరాజా పాటల్లో వినే ఆ మెత్తటి ఆర్పెజియోలకు సరిపోయే ధ్వని చిటికెలో వస్తుంది. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే కాస్త గరుకుగా పలికే మధ్యస్థ ధ్వనులు కూడా పర్వాలేదు. గిటార్ మీది వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే గరుకుదనం తగ్గాలి. ఇది మంచి మోడలింగ్‌కి నా పరీక్ష. ఇందులో తగ్గుతుంది, కానీ వాల్వు యాంప్‌లో లాగా నున్నగా జారదు. ఒక చోట మెట్టు దిగినట్టు తెలుస్తుంది.

గెయిన్ బాగా పెంచిన మెటల్ ధ్వనుల దగ్గర ధర బయటపడుతుంది. ఈ తరగతి పెట్టెలన్నిటిలోనూ ఇది కనబడేదే. డిస్టార్షన్ కొత్త స్వరాంశాల్ని పుట్టిస్తుందని చెప్పుకున్నాం కదా. వాటిలో కొన్ని పెట్టె కొలవగలిగే హద్దుని, అంటే 22,050 హెర్ట్జ్‌ని దాటిపోతాయి. దాటినవి మాయం కావు. కిందికి మడతపడి, వాయించిన స్వరంతో సంబంధం లేని అపస్వరాలుగా తిరిగొస్తాయి. ఖరీదైన పెట్టెలు లోపల ఇంకా వేగంగా కొలిచి దీన్ని అణచివేస్తాయి. అందుకు బలమైన చిప్పు కావాలి, చిప్పుకి డబ్బు కావాలి. పైతీగ మీద పన్నెండో మెట్టు దాటి ఒక్కో స్వరాన్నీ మెల్లగా బెండ్ చేస్తూ వినండి. స్వరం పైకి పోతుంటే వెనకాల ఏదో సన్నటి కూత కిందికి దిగుతున్నట్టు వినిపిస్తే అదే ఇది. బ్యాండులో డ్రమ్స్, కీబోర్డు మధ్య ఎవరికీ వినబడదు. ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌లో మాత్రం తెలుస్తుంది.

లూపర్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నేర్చుకునేవాళ్లకి ఈ పెట్టెలో అసలు నిధి అదే. 30 సెకన్లంటే ఏం సరిపోతుంది అనిపిస్తుంది. లెక్క వేయండి. నిమిషానికి 80 దెబ్బల వేగంలో నాలుగు దెబ్బల బార్ ఒకటి 3 సెకన్లు. ఎనిమిది బార్ల పల్లవి 24 సెకన్లు. కార్డ్స్ ఒకసారి రికార్డు చేసి వదిలేస్తే అవి తిరుగుతూనే ఉంటాయి, వాటి మీద మెలొడీ సాధన చేసుకోవచ్చు. కార్డ్ మారే చోట తడబడితే ఆ తడబాటు కూడా ప్రతి చుట్టులోనూ తిరిగొస్తుంది. లయ చక్కబడడానికి దీనికంటే నిర్దాక్షిణ్యమైన గురువు లేడు. డ్రమ్ నడకలు మాత్రం పాశ్చాత్య శైలివి. మన డోలక్, తబలా నడకలు అందులో వెతక్కండి. దానికి వేరే దారి ఉంది: ఆక్స్ ఇన్ జాక్‌లో ఫోన్ కలిపి తబలా యాప్ పెట్టుకుంటే గిటార్, తబలా రెండూ ఒకే హెడ్‌ఫోన్స్‌లో వినబడతాయి.

కంప్రెసర్ అనే ఎఫెక్ట్‌ని కొత్తవాళ్లు దాటేస్తుంటారు, ఎందుకంటే అది ఆన్ చేస్తే పెద్ద తేడా వినబడదు. తీగ మీటగానే వచ్చే పదునుని తగ్గించి, తర్వాత వాడిపోయే భాగాన్ని పెంచడం దాని పని. గమకాలు పలికించాలనుకునేవాళ్లకి ఇది ప్రాణం. ఒక మీటుకి నాలుగైదు స్వరాలు లాగాలంటే తీగ అంతసేపు పలకాలి కదా. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వినిపించి ఒప్పించారు. పికప్పు, యాంపు ఉన్న వాద్యం మన సంగీతానికి పరాయిది కాదని ఆయన తర్వాత ఎవరూ వాదించనక్కర్లేదు. కంప్రెసర్‌ని మితంగా, క్లీన్ యాంప్‌ని మధ్యస్థంగా పెట్టుకుని, ఎకో బాగా తగ్గించి వాయిస్తే ఈ చవక పెట్టె మీద కూడా గమకం స్పష్టంగా వినబడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. పెట్టెలోంచి వచ్చే తీగ ఎక్కడికి వెళుతుంది?

మా మేనల్లుడు దీన్ని కొన్న కొత్తలో ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌కి కలపాలని చూశాడు. ఫోన్‌కి ఆక్స్ తీగ పెట్టి, యాప్ ద్వారా, ఎలాగో ఒకలాగ కలిపాడు. "మామయ్యా, నేను మీటిన తర్వాత ఎప్పుడో వినబడుతోంది" అన్నాడు. అలాగే వినబడుతుంది మరి. బ్లూటూత్ ధ్వనిని మూట కట్టి పంపి, అవతల విప్పేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పాట వినడానికి అది పట్టింపు కాదు. వాయించడానికి అసాధ్యం. బ్లూటూత్ ఉందని అట్ట మీద రాసిన పెట్టెల్లో చాలావాటిలో ఆ సౌకర్యం ఫోన్లోని పాట పెట్టెలోకి రావడానికే తప్ప గిటార్ బయటికి పోవడానికి కాదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతీ ఇంతే. వాయించడానికి వైరున్న హెడ్‌ఫోన్స్ కావాలి. ఫోన్‌కి పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్స్ కాకుండా, చెవిని పూర్తిగా కప్పేవి తీసుకోండి. జీ1ఎక్స్ ఫోర్‌లో అవుట్‌పుట్ జాక్ ఒక్కటే, అదే పెద్ద సైజు స్టీరియో జాక్. హెడ్‌ఫోన్స్‌కీ అదే, యాంప్‌కీ అదే. మామూలు హెడ్‌ఫోన్స్ చిన్న పిన్‌కి కన్వర్టర్ కావాలి. అది యాభయ్యో వందో, కానీ లేకపోతే మొదటిరోజు వాయించలేరు.

హెడ్‌ఫోన్స్‌లో వినేటప్పుడు స్పీకరు డబ్బా నమూనా, అంటే క్యాబ్, ఆన్‌లో ఉండాలి. ఇంతకుముందు చెప్పిన వడపోత మీ గొలుసులో ఇంకెక్కడా లేదు మరి. చర్చిలో కీబోర్డు యాంప్‌కి కలిపినా, పందిట్లో మైక్‌సెట్టు మిక్సర్‌కి కలిపినా అంతే. అవన్నీ పైదాకా పలికే స్పీకర్లు, కనుక క్యాబ్ ఉండాలి. అసలైన గిటార్ యాంప్‌కి కలిపినప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ నిజమైన గిటార్ స్పీకరు ఉంది. పెట్టెలో క్యాబ్ కూడా ఆన్‌లో ఉంటే వడపోత రెండుసార్లు జరిగి ధ్వని దుప్పటి కప్పినట్టవుతుంది. కుర్రాళ్లు అప్పుడు ట్రెబుల్ పెంచుతారు, ఇంకా పెంచుతారు, చివరికి పెట్టెనే తిడతారు. క్యాబ్ ఆపేయాలి. యాంప్ నమూనాని కూడా ఆపేసి, ఎఫెక్ట్స్ ఒక్కటే వాడుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే యాంప్ ఎదురుగానే ఉంది. మీరు కొనే పెట్టె ఏదైనా క్యాబ్‌ని ఎక్కడ ఆన్, ఆఫ్ చేయాలో వాడుక పుస్తకంలో మొదట అది చూడండి. 70 ఎఫెక్ట్స్‌లో ఏదీ ఈ ఒక్క సెట్టింగంత తేడా తేదు.

మిక్సర్‌కి కలిపేటప్పుడు ఇంకో చిక్కుంది, నాకు తెలిసినంతలో దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. పెట్టె అవుట్‌పుట్ స్టీరియో. అంటే పిన్ కొసన ఎడమ చానల్, మధ్య గీతలో కుడి చానల్ ఉంటాయి. పెద్ద మిక్సర్ లైన్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ తరహాది. అది అదే కొసని, మధ్య గీతని ఒకే ధ్వని తాలూకు సూటి, తిరగేసిన ప్రతులుగా భావించి ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తుంది. రెండు గీతల స్టీరియో కేబుల్ పెట్టారనుకోండి, ఎడమ కుడి చానళ్లలో ఒకేలా ఉన్న గిటార్ ధ్వని దాదాపు రద్దయిపోయి, రివర్బ్ తోక మాత్రం సన్నగా వినిపిస్తుంది. సౌండ్‌వాళ్లు పెట్టె చెడిపోయిందంటారు. చెడిపోలేదు. ఒకే గీత ఉన్న మామూలు గిటార్ కేబుల్ పెడితే సరిపోతుంది. స్టేజీకి, మిక్సర్‌కి మధ్య పది మీటర్ల పైన దూరం ఉంటే మధ్యలో సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డీఐ బాక్స్ అడగండి. గిటార్ తీగ అంత దూరం లాగితే దారిలో రొద పోగవుతుంది.

ఇంకొకటి, రాత్రి హెడ్‌ఫోన్స్‌లో కష్టపడి తయారుచేసుకున్న ధ్వని పందిట్లో పెద్ద స్పీకర్ల మీద బొయ్యిమని, గీసినట్టు వినిపించడం. మన చెవి తీరు అలాంటిది. తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని, మరీ పైస్థాయిని చెవి తక్కువగా పట్టుకుంటుంది. దాంతో మనం రెండూ పెంచేసుకుంటాం. వాల్యూమ్ పెరగ్గానే అవి ఎక్కువైపోతాయి. స్టేజీ కోసం వేరే ప్యాచ్‌ని, అంటే ఎఫెక్ట్స్ సెట్టింగుల కూర్పుని, దాచుకోండి: బేస్ తగ్గించి, మిడ్ పెంచి, రివర్బ్ సగానికి దించి. ఇంట్లో ఒంటరిగా వింటే అది మొద్దుగా ఉంటుంది, కానీ కీబోర్డు, డ్రమ్స్ మధ్య గిటార్ వినబడేది ఆ మిడ్ వల్లే. ప్యాచ్‌లన్నీ ఒకే వాల్యూమ్‌లో ఉన్నాయో లేదో కూడా ఇంట్లోనే సరిచూసుకోవాలి. క్లీన్ నుంచి సోలోకి మారగానే గిటార్ మాయమైపోవడమో, జనం చెవులు మూసుకోవడమో రెండూ బాధాకరమే.

రాయ్‌పూర్ వేసవి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ సాధన అంతా కూలర్ పక్కనే. మే నెలలో 45 డిగ్రీల ఎండకి కూలర్ ఆపే ప్రశ్నే లేదు. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్, అంటే స్ట్రాటోక్యాస్టర్ తరహాది, కూలర్ మోటారు దగ్గర గుయ్యిమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఆ వేగంతో మారే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. పికప్ కాయిల్‌కి తీగ కంపనమూ ఒకటే, మోటారు క్షేత్రమూ ఒకటే, రెండింటినీ పట్టుకుంటుంది. పెట్టెని సెల్స్ మీద నడిపితే రొద పోతుందనుకుంటారు. ప్లగ్గు ద్వారా, ఎర్త్ ద్వారా వచ్చే రొద పోతుంది. గాలిలోంచి పికప్ పట్టుకునే ఈ రొద పోదు. ఒక పని చేయండి. వాయించకుండా గెయిన్ పెంచి, కుర్చీలో మెల్లగా పక్కకి తిరగండి. ఒక కోణంలో గుయ్యి సగానికి సగం తగ్గిపోతుంది. కాయిల్ ఆ క్షేత్రానికి అడ్డంగా వచ్చిన చోటు అది. కుర్చీని అక్కడే వేసుకోండి. మిగిలిన కొంచాన్ని, వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసే నాయిస్ గేట్ చూసుకుంటుంది. గేట్‌ని ఎక్కువ బిగించకండి, స్వరం తోకలు తెగిపోతాయి. హంబకర్ పికప్‌లో రెండు కాయిల్స్‌ని ఒకదానికొకటి ఎదురుగా చుట్టింది ఈ బాధ తప్పించడానికే.

కరెంటు సంగతి. జీ1ఎక్స్ ఫోర్ నాలుగు పెన్ను సెల్స్ మీద నడుస్తుంది. ఆల్కలైన్‌వి వేస్తే 18 గంటల దాకా అని కంపెనీ లెక్క. మైక్రో యూఎస్‌బీ ద్వారా ఫోన్ ఛార్జర్ మీద కూడా నడుస్తుంది. పవర్ బ్యాంక్‌తో నడిపేటప్పుడు ఒక్కటి గమనించండి: పెట్టె లాగే కరెంటు తక్కువ కనుక కొన్ని పవర్ బ్యాంకులు ఫోన్ నిండిపోయిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి, పాట మధ్యలో. అడాప్టర్ అయితే 9 వోల్టులది, పిన్ లోపల మైనస్ ఉన్నది కావాలి. ఇంట్లో కీబోర్డు అడాప్టర్ పిన్ ఇందులో చక్కగా దూరవచ్చు. దూరింది కదా అని ఆన్ చేయకండి. కీబోర్డు అడాప్టర్లలో చాలావాటికి లోపల ప్లస్ ఉంటుంది, వోల్టేజీ కూడా వేరు. అడాప్టర్ మీద గుండ్రటి బొమ్మ ఉంటుంది, నడిమి చుక్కకి ఏ గుర్తు కలిపారో అందులో తెలుస్తుంది. వేసవి సెలవులకి విశాఖో విజయనగరమో వెళ్లేటప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టండి. వేడికి ఆల్కలైన్ సెల్స్ కారితే స్ప్రింగులు తినేస్తాయి.

ఎఫెక్ట్స్ ఎన్ని వాడాలి? ప్యాకింగు లోంచి తీసినప్పుడు ఉన్న ఫ్యాక్టరీ ప్యాచ్‌లు దుకాణంలో ఆకట్టుకోవడానికి చేసినవి. ఎకో, కోరస్, రివర్బ్ అన్నీ దట్టంగా ఉంటాయి. వాటిని కొన్నాళ్లు వింటే అలసట వస్తుంది. ఖాళీ ప్యాచ్ తీసి, యాంప్ నమూనా ఒక్కటి పెట్టి, నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి మొదలుపెట్టండి. అవసరమైతేనే మరొకటి చేర్చండి. డిలే పెట్టినప్పుడు దాని సమయం పాట వేగానికి కుదరాలి. 60,000ని నిమిషానికి ఎన్ని దెబ్బలో దాంతో భాగిస్తే ఒక దెబ్బకి మిల్లీసెకన్లు వస్తాయి. 120 వేగానికి 500. అందులో ముప్పావు, 375 పెడితే ప్రతిధ్వని మీ మీటుల మధ్యలో పడి, రెండు గిటార్లు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఈ లెక్క కుదరని డిలేతో ఎంత బాగా వాయించినా లయ తప్పినట్టే వినబడుతుంది.

ఊగే పెడల్‌కి వావా పెట్టుకోవాలని అందరికీ ఉబలాటం. చర్చిలో, భజనలో వాయించేవాళ్లకి వాల్యూమ్ పెడల్‌గానే ఎక్కువ పనికొస్తుంది. కార్డ్‌ని శబ్దం లేకుండా మీటి, కాలితో మెల్లగా పైకి తెస్తే వయొలిన్ల గుంపు మొదలైనట్టు పుడుతుంది ధ్వని. పాటల మధ్య ప్రార్థన జరిగేటప్పుడు నెమ్మదిగా నింపడానికి దీనికి మించింది లేదు.

ఈ పెట్టె అందరికీ అక్కర్లేదు. అకూస్టిక్ గిటార్ వాయించేవాళ్లకి యాంప్ నమూనాలతో పెద్దగా పని ఉండదు, అందులో పీజో పికప్ ఉంటే మంచి ప్రీయాంప్, కాస్త రివర్బ్ చాలు. ఇంట్లో కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు న్యూరల్ యాంప్ మోడలర్‌ని ఉచితంగా దింపుకుని ముందు అది వాయించి చూడాలి. ధ్వనిలో అది ఈ ధర పెట్టెల్ని దాటిపోతుంది, కాకపోతే పందిట్లోకి మోసుకెళ్లలేరు. రికార్డింగు కూడా చేసుకోవాలంటే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌గా పనిచేసే పెట్టెని చూసుకోండి. జీ1ఎక్స్ ఫోర్‌లో ఆ సౌకర్యం లేదు, అందులో యూఎస్‌బీ కరెంటుకీ, ప్యాచ్‌లు మార్చుకునే గిటార్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కీ మాత్రమే. స్టేజీ మీద కాలితో తొక్కుతూ వాయించేవాళ్లకి స్విచ్‌ల సంఖ్య ముఖ్యం. జేబులో పట్టేవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ రెండు స్విచ్‌ల మధ్య వేలెడు దూరమే, చెప్పులతో ఒకటి తొక్కబోతే రెండూ పడతాయి.

పాతది కొనేవాళ్లు ఇంటి నుంచి మీ గిటార్, మీ కేబుల్, మీ హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లండి. సెల్స్ మూత తెరిచి స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి మరకలున్నాయేమో చూడండి. ఇన్‌పుట్ జాక్‌లో పిన్ పెట్టి మెల్లగా పక్కలకి కదపండి, కరకర రాకూడదు. నాలుగు నాబ్‌లూ ఒక్కోటీ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ తెర మీద అంకె ఎగిరిపడకుండా వరుసగా మారుతోందో లేదో గమనించండి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు విలువ నూటికి నూరు చేరాలి, వదిలినప్పుడు సున్నాకి రావాలి. ఇవన్నీ అయ్యాక క్లీన్ ప్యాచ్ ఒకటి తీసి, మీకు బాగా వచ్చిన పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా వాయించండి.